100.7 సెంటీమీటర్ల దగ్గర గీత

సరిగ్గా ఐదేళ్లు నిండిన మగపిల్లవాడి ఎత్తు 100.7 సెంటీమీటర్లకు తగ్గితే, వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు లెక్క. ఆడపిల్లకైతే ఆ హద్దు 99.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పట్టికల్లోని అంకెలివి. అంగన్‌వాడీ టీచరు పిల్లవాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి, ఎత్తు చూసి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించగానే ఫోన్ తెర మీద వచ్చే తీర్పుకి ఆధారం ఈ పట్టికలే.

గుండుగుత్తగా వంద అనుకోవచ్చు కదా, ఆ పాయింట్ ఏడు ఎక్కణ్ణుంచి వచ్చింది? 100.7 దగ్గర పిల్లల ఒంట్లో ఏదో మారిపోతుందని డాక్టర్లెవరూ కనిపెట్టలేదు. 100.6 ఉన్న పిల్లవాడికీ 100.8 ఉన్న పిల్లవాడికీ ఆరోగ్యంలో తేడా ఏమీ ఉండదు. ఈ అంకె ఒక లెక్కకు జవాబుగా వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్‌లో ప్రతి విద్యార్థీ చేసే లెక్కే అది. నార్మల్ డిస్ట్రిబ్యూషన్, అంటే మన పాఠ్యపుస్తకాల్లో సామాన్య విభాజనం, ఇచ్చి, ఫలానా శాతం మంది దిగువన ఉండాలంటే గీత ఎక్కడ పడాలో చెప్పమంటారు.

పుష్టిగా పెరిగిన ఐదేళ్ల మగపిల్లల ఎత్తులు కొలిస్తే సగటు 110 సెం.మీ. వస్తుంది. ఎక్కువమంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. అటూ ఇటూ దూరం జరిగేకొద్దీ జనం పలచబడతారు. ఎత్తుని ఏ ఒక్క కారణమో తేల్చదు. లెక్కలేనన్ని జన్యువులు ఒక్కొక్కటీ కాస్తంత పైకో కిందికో లాగుతాయి, తిండీ జబ్బులూ మరికొంత లాగుతాయి. ఇలాంటి చిన్నచిన్న లాగుళ్లన్నీ కలిసి తేల్చే కొలతలు గంట ఆకారంలో సర్దుకుంటాయి. ఆ గంట వెడల్పుని చెప్పే అంకె ప్రామాణిక విచలనం. ఈ పిల్లల విషయంలో అది సుమారు 4.63 సెం.మీ.

సగటు, విచలనం. ఈ రెండూ చేతిలో ఉంటే గంట మొత్తం చేతిలో ఉన్నట్టే. ఏ ఎత్తునైనా, సగటు నుంచి ఎన్ని విచలనాల దూరంలో ఉందో చెప్పొచ్చు. ఆ దూరాన్నే జడ్ స్కోరు అంటారు. 104 సెం.మీ. పిల్లవాడు సగటుకి 6 సెం.మీ. కింద ఉన్నాడు. ఆరుని 4.63తో భాగిస్తే 1.30, కాబట్టి అతని జడ్ మైనస్ 1.30. పట్టిక తీసి చూస్తే ఆ జడ్‌కి దిగువన వందకి దాదాపు పదిమంది ఉంటారు. ఇది సూటి ప్రశ్న: ఎత్తు ఇస్తే వంతు చెప్పాం. కటాఫ్ కావాలంటే ఇదే దారిలో వెనక్కి నడవాలి. వంతు ముందే తెలుసు, ఎత్తు తెలియదు.

వెనక్కి నడవడం ఎలాగో పట్టిక దగ్గర కూర్చుని చూద్దాం. పాఠ్యపుస్తకం వెనక ఉండే జడ్ పట్టికలో ఎడమ అంచున 0.0, 0.1, 0.2 అంటూ జడ్ విలువలు దిగుతుంటాయి. పై అంచున రెండో దశాంశ స్థానం ఉంటుంది. లోపలి గళ్లలో ఉండేవి వైశాల్యాలు, అంటే ఆ జడ్‌కి దిగువన ఉండే జనం వంతు. సూటి ప్రశ్నలో అంచుల నుంచి లోపలికి వస్తాం. కటాఫ్ వెతికేటప్పుడు లోపలి గడి నుంచి అంచుల్లోకి వెళ్లాలి. అర్థం తెలిసి, దానికి సరిపోయే మాట కోసం నిఘంటువు తిరగేయడం లాంటి పని ఇది.

అందరికన్నా పొట్టిగా ఉన్న పదిశాతం మందిని విడదీసే ఎత్తు కావాలనుకుందాం. చాలా పట్టికల్లో ధన విలువలే ఉంటాయి. గంట రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, 0.10కి బదులు 0.90 వెతికి చివర్లో మైనస్ తగిలిస్తే సరిపోతుంది. లోపలి గళ్లలో సరిగ్గా 0.9000 ఎక్కడా కనపడదు. 1.2 అన్న వరసలో 0.08 కింద 0.8997 ఉంది, దాని పక్క గడిలో 0.9015. మొదటిదే దగ్గర. అంటే జడ్ 1.28, మనకు కావలసింది మైనస్ 1.28. దాన్ని 4.63తో గుణించి 110లోంచి తీసేస్తే 104.07. ఐదేళ్ల మగపిల్లల్లో పదో పర్సెంటైల్ దాదాపు 104 సెం.మీ.

పరీక్షల్లో మార్కులు పోయేది గుణకారంలో కాదు, గడిలో. తొందరలో 0.90ని అంచున వెతికేవాళ్లు ఎక్కువ. అక్కడ 0.8159 దొరుకుతుంది, దాన్నే జడ్ అనుకుని గుణించేస్తారు. జవాబు 106.2 వస్తుంది. చూడటానికి నమ్మదగిన ఎత్తే, కానీ దాని దిగువన ఉండేది పదిమంది కాదు, ఇరవై మంది. మైనస్ మరచిపోయినవాళ్లకి 115.9 వస్తుంది. అందరికన్నా పొట్టివాళ్ల హద్దు సగటుకన్నా పైన ఉందంటే ఎక్కడో తేడా కొట్టిందని అక్కడే తట్టాలి. ఇంకో చిక్కు, కొన్ని పుస్తకాలు గంటలో సగమే ఇస్తాయి, అంటే వైశాల్యాన్ని సున్నా నుంచి లెక్కిస్తాయి. వాటిలో 0.90 అసలు ఉండదు, 0.40 వెతకాలి. లెక్క మొదలుపెట్టే ముందు గంట బొమ్మ ఒకటి గీసి, కావలసిన ముక్కకి గీతలు కొట్టి, అది సగటుకి ఏ పక్కన ఉందో చూసుకోమని మాస్టార్లు చెప్పేది ఇందుకే. పిల్లలు దాన్ని చాదస్తం అనుకుంటారు. ఈ మూడు తప్పుల్నీ పట్టేది మాత్రం ఆ బొమ్మే.

ఇంతకీ పట్టిక ఎందుకు, సూత్రం లేదా? లేదు. గంట కింది వైశాల్యాన్ని మామూలు బీజగణిత సూత్రంలో ఇమడ్చడం సాధ్యం కాదు, అది గణితంలో రుజువైన సంగతి. అంకెలు పట్టుకుని కొంచెం కొంచెంగా కూడుకుంటూ పోవడమే దారి. ఆ కూడికను మొదట పట్టికగా అచ్చువేసినవాడు క్రిస్టియన్ క్రాంప్, 1799లో, స్ట్రాస్‌బర్గ్‌లో. అతనికి మనుషుల ఎత్తులతో పనిలేదు. నక్షత్ర కాంతి భూమి వాతావరణంలోంచి వచ్చేటప్పుడు ఎంత వంగుతుందో లెక్కగట్టడానికి ఆ వైశాల్యం అవసరమైంది. (ఫాక్టోరియల్‌కి ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టిందీ ఈయనే.) విద్యార్థులకు అలవాటైన తరహాలో విస్తారమైన పట్టికలను షెపర్డ్ 1903లో బయోమెట్రికా పత్రికలో ప్రచురించాడు. ఇప్పుడు ఎక్సెల్‌లో నార్మ్ ఇన్వ్ అనే ఫంక్షన్‌కి వంతు, సగటు, విచలనం ఇస్తే కటాఫ్ రెప్పపాటులో వస్తుంది. ఆర్ భాషలో ఆ పని చేసేది క్యూనార్మ్, దాని లోపల ఉన్నది విచురా 1988లో రాసిన పద్ధతి. గడి తప్పే భయం పోయింది. వంతు తప్పు ఇస్తే మాత్రం ఎక్సెల్ కూడా అంతే నమ్మకంగా తప్పు చెబుతుంది.

మళ్లీ 100.7 దగ్గరికి వద్దాం. 110 లోంచి రెండు విచలనాలు, అంటే 9.26 తీసేస్తే 100.74. ఆరోగ్యశాఖ వాళ్లు మైనస్ 2 ఎస్‌డీ అనేది దీన్నే. మూడు విచలనాలు తీసేస్తే 96.1, తీవ్రమైన లోపానికి అది హద్దు. రెండు విచలనాల దిగువన ఉండే వంతు 2.28 శాతం, మూడింటి దిగువన 0.13 శాతం.

రెండే ఎందుకన్నదానికి గణితం దగ్గర సమాధానం లేదు. అది మనుషులు తీసుకున్న నిర్ణయం. కొంతమంది పిల్లల డాక్టర్లు మూడో పర్సెంటైల్‌ని హద్దుగా చూస్తారు, ఆ లెక్కన గీత 101.3 దగ్గర పడుతుంది. ఏ గీతైనా చక్కగా పెరిగిన పిల్లల్లోనే కొందరిని కిందికి తోస్తుంది. మైనస్ 2 దగ్గర వందకి ఇద్దరో ముగ్గురో, పుట్టుకతోనే పొట్టి అయినవాళ్లు, ఏ లోపమూ లేకుండా జాబితాలోకి ఎక్కుతారు. రక్తపరీక్ష రిపోర్టులో ‘నార్మల్ రేంజ్’ కూడా చాలావాటికి ఇలాగే వస్తుంది. ఆరోగ్యవంతుల్లో మధ్య 95 శాతం మందిని తీసుకుని, ఆ చివరా ఈ చివరా రెండున్నర శాతం చొప్పున వదిలేస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకటి హద్దు దాటి కనపడే అవకాశం 64 శాతం. మాస్టర్ హెల్త్ చెకప్ కాగితం చూసి కంగారుపడే ముందు ఈ అంకె గుర్తుంటే మంచిది.

మన దేశంలో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు పద్ధతి వేరు. మధ్యస్థ బరువులో 80 శాతం కన్నా ఎక్కువుంటే మామూలు, 71 నుంచి 80 మధ్య మొదటి గ్రేడు, ఆ కింద రెండు, మూడు, నాలుగు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు మారేదాకా ఇదే నడిచింది. సులువైన పద్ధతే కానీ అందులో విచలనానికి చోటులేదు. ఐదేళ్ల మగపిల్లవాడి మధ్యస్థ బరువు 18.3 కిలోలు, దానిలో 80 శాతం 14.6. చక్కగా పెరిగిన పిల్లల్లో కూడా వందకి నలుగురైదుగురు దానికన్నా తేలిగ్గా ఉంటారు. అదే 80 శాతాన్ని ఎత్తుకి పెడితే 88 సెం.మీ. వస్తుంది, జడ్ మైనస్ 4.75. అంత పొట్టివాళ్లు పది లక్షల్లో ఒకరు. ఒకే 80 శాతం, ఒక కొలతలో మామూలు సంగతి, ఇంకో కొలతలో దాదాపు అసంభవం. బరువులు విస్తారంగా చెదిరి ఉంటాయి, ఎత్తులు అలా ఉండవు. విచలనంతో భాగించడం అనే చిన్న పని వల్లే ఈ రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలుగుతున్నాం.

పర్సెంటైల్ అన్న మాటని 1885లో వాడుకలోకి తెచ్చింది ఫ్రాన్సిస్ గాల్టన్. అంతకు ముందటి ఏడాది లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో కొలతల శాల ఒకటి తెరిచాడు. మనిషికి మూడు పెన్నీలు రుసుము. 9,337 మంది డబ్బు కట్టి మరీ ఎత్తు, బరువు, చేతి పట్టు, చూపు, ఊపిరి బలం కొలిపించుకున్నారు. వాళ్లకు కావలసింది సెంటీమీటర్లూ పౌండ్లూ కాదు, నలుగురిలో తాము ఎక్కడున్నామన్న కబురు. పర్సెంటైల్ ఆ కబురు చెబుతుంది. మనుషుల్ని ఇలా వరసలో నిలబెట్టాలన్న గాల్టన్ తపన అక్కడితో ఆగలేదు. మేలుజాతి మనుషుల్ని ఎంచి పెంచాలన్న యూజెనిక్స్ వాదానికి పేరు పెట్టింది కూడా ఆయనే. పనిముట్టుని ఉంచుకుని ఆ వాదాన్ని వదిలేసుకోవడానికి లోకానికి చాలా కాలం పట్టింది.

పర్సెంటైల్ మెట్లు సమానంగా ఉండవన్న సంగతి చాలామందికి తట్టదు. మన ఐదేళ్ల పిల్లల్లో 50వ పర్సెంటైల్ నుంచి 60వ దానికి ఎక్కాలంటే 1.2 సెం.మీ. చాలు. 89 నుంచి 99కి ఎక్కాలంటే 5.1 సెం.మీ. కావాలి. దాటాల్సిన పిల్లలు రెండు చోట్లా వందకి పదిమందే. గంట నడుమ జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి అడుగు వేస్తే పదిమందిని దాటేస్తాం, అంచుల్లో ఆ పదిమంది దూరదూరంగా ఉంటారు. బిడ్డ పోయిన నెల 60లో ఉండి ఈ నెల 50కి దిగిందని గ్రోత్ చార్టు పట్టుకుని బెంగపెట్టుకునే తల్లిదండ్రులు, ముందు కొలత బల్ల మీద బిడ్డ తిన్నగా నిలబడిందో లేదో చూసుకోవాలి.

ఇంతవరకూ గంటని నమ్మి నడిచాం. ఎత్తు విషయంలో నమ్మొచ్చు. బరువు విషయంలో నమ్మకూడదు, ఆ సాక్ష్యం ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనే ఉంది. ఐదేళ్ల మగపిల్లవాడికి మధ్యస్థం 18.3 కిలోలు, మైనస్ 2 దగ్గర 14.1, ప్లస్ 2 దగ్గర 24.2. కిందికి 4.2 కిలోలు, పైకి 5.9. సగటుకన్నా బాగా తేలిగ్గా ఉండటానికి శరీరం ఒప్పుకోదు, బరువెక్కడానికి అంత అడ్డు చెప్పదు. అందుకని వక్రం కుడివైపు సాగిపోతుంది. ఆ సాగుడుని ముందు ఒక ఘాతంతో సరిచేసి, గంటగా మార్చి, కటాఫ్ కట్టి, మళ్లీ కిలోల్లోకి తిప్పుతారు. టిమ్ కోల్ అనే బ్రిటిష్ గణాంకవేత్త దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. గంట సూత్రాన్ని సూటిగా బరువుకి పెడితే రెండు చివర్లా తప్పుతుంది.

ప్రవేశ పరీక్షల పర్సెంటైల్‌కి ఈ గంటతో సంబంధమే లేదు. జేఈఈ మెయిన్‌లో వచ్చే పర్సెంటైల్, ఆ షిఫ్టులో రాసినవాళ్లలో మీకు సమానంగానో తక్కువగానో ఎంతమందికి వచ్చిందో లెక్కబెట్టిన అంకె, అంతే. అక్కడ సగటూ లేదు, విచలనమూ లేదు. నీట్‌లో జనరల్ అభ్యర్థులకు అర్హత 50వ పర్సెంటైల్. అది 2022లో 117 మార్కుల దగ్గర పడింది, 2023లో 137, 2024లో 162. వంతు మారలేదు, గీత జరిగింది. 2023 సంగతే చూడండి. 720 మార్కుల్లో మధ్యమనిషికి 137. ఆ మార్కులు నిజంగా గంట ఆకారంలో ఉంటే, 600 దాటిన వేలమందికి సరిజోడుగా 137కి అంతే దూరంలో అవతలి పక్కన, అంటే మైనస్ 326 దిగువన, అంతమంది ఉండాలి. 180 ప్రశ్నలూ తప్పు రాసినా వచ్చేది మైనస్ 180. అంత కిందికి దిగడానికి దారే లేదు! కాబట్టి అది గంట కాదు, పట్టిక తీయాల్సిన అవసరమూ లేదు.

ఇక అసలు పేచీ. 110, 4.63 అన్న అంకెలు ఎవరి పిల్లలవి? 1997 నుంచి 2003 దాకా ఆరు చోట్ల కొలిచారు: బ్రెజిల్‌లో పెలోటస్, ఘనాలో అక్రా, నార్వేలో ఓస్లో, ఒమన్‌లో మస్కట్, అమెరికాలో డేవిస్, మన దేశంలో దక్షిణ ఢిల్లీ. మొత్తం సుమారు 8,500 మంది పిల్లలు. తల్లిపాలు తాగినవాళ్లనీ, పొగతాగని తల్లుల బిడ్డల్నీ, ఎదుగుదలకి ఇంట్లో ఏ ఆటంకమూ లేనివాళ్లనీ ఏరి తీసుకున్నారు. అంటే ఈ గంట పిల్లలు ఎలా ఉన్నారో చెప్పేది కాదు, అన్నీ అమరితే ఎలా పెరుగుతారో చెప్పేది. మన పిల్లల ఒడ్డూపొడుగూ వేరు, ఈ కొలబద్ద మనకి పనికిరాదని ఆర్థికవేత్త అరవింద్ పనగారియా 2013లో గట్టిగా వాదించారు. తల్లి ఎత్తు ప్రభావం బిడ్డ మీద ఉంటుంది, ఒక్క తరంలో పోదు, కాబట్టి ఆ వాదనని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ పై అధ్యయనంలో రెండేళ్లలోపు పిల్లల పొడవులో కనిపించిన తేడాల్లో, దేశానికీ దేశానికీ మధ్య తేడా వాటా 3 శాతం, ఒకే ఊరి పిల్లల మధ్య తేడాల వాటా 70 శాతం. దక్షిణ ఢిల్లీలో కడుపునిండా తిన్న పిల్లలు మిగతావాళ్లతో పాటే ఎదిగారు. నాకైతే ఈ సాక్ష్యమే బరువుగా కనిపిస్తుంది.

ఆ గంట ప్రకారం మైనస్ 2 దిగువన 2.3 శాతం ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ గీత కింద తేలినవాళ్లు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. ఈ అంకెలకే కటాఫ్ లెక్కని మరోసారి తిరగేద్దాం. 31.2 శాతానికి జడ్ ఎంత? పట్టిక మైనస్ 0.49 అంటుంది. గీత ఉన్నది మైనస్ 2 దగ్గర. అంటే ఆంధ్రప్రదేశ్ పిల్లల గంట నడిమధ్య భాగం, ప్రమాణం మీద మైనస్ 1.51 దగ్గర ఉండాలి. ఐదేళ్ల మగపిల్లల ఎత్తులోకి మారిస్తే ఏడు సెంటీమీటర్లు. సర్వేల్లో ఎత్తులు ప్రమాణం కన్నా ఎక్కువ చెదిరి ఉంటాయి కాబట్టి నిజమైన జరుగుడు కొంత తక్కువే ఉండొచ్చు, విచలనాన్ని 1.3 రెట్లు తీసుకుంటే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. ఏ లెక్కన చూసినా, గీత కింద ఉన్న మూడోవంతు మందే పొట్టిగా ఉండి మిగతావాళ్లు మామూలుగా ఉన్నారని కాదు. గంట మొత్తంగా ఎడమకి జరిగింది. 102 సెం.మీ. ఉన్న పిల్లవాణ్ణి యాప్ జాబితాలోంచి వదిలేస్తుంది. ప్రమాణం మీద అతను నాలుగో పర్సెంటైల్‌లో ఉన్నాడు. పథకాలు గీత కిందివాళ్ల పేర్లు రాసుకుని అక్కడే ఆగిపోతే ఇలాంటివాళ్లు ఎవరి లెక్కలోకీ రారు. జబ్బుపడ్డ మనుషుల్నే కాదు, జరిగిపోయిన సగటుని కూడా చూడాలని బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లోనే రాశాడు, రక్తపోటు సందర్భంలో.

గంట జరగడంతో ఇంకోటి కూడా అయింది. గీత ఇదివరకు గంట సన్నటి తోకని కోసేది, ఇప్పుడు దాని కిక్కిరిసిన నడుముకి దగ్గరగా కోస్తోంది. కొలత బల్లలు ఒక్క సెంటీమీటరు తక్కువ చూపించాయనుకోండి. ప్రమాణ గంటలో గీత కిందివాళ్లు 2.3 శాతం నుంచి 3.7కి పెరుగుతారు. జరిగిన గంటలో అదే పొరపాటు 31 శాతాన్ని 39 చేస్తుంది. తెలంగాణలో 2015–16 సర్వేలో 28 శాతం ఉన్నవాళ్లు తర్వాతి సర్వేకి 33.1 శాతమయ్యారు. ఐదు పాయింట్లు పెరగడమంటే చిన్న విషయం కాదు, పత్రికలు అలాగే రాశాయి. 28కి జడ్ మైనస్ 0.58, 33.1కి మైనస్ 0.44. తేడా 0.14 విచలనం. అంటే ఐదేళ్ల మగపిల్లవాడి సగటు ఎత్తులో ఏడు మిల్లీమీటర్ల లోపు.